నేలలోని గొట్టానికి పూత ఎన్నాళ్ళు?

నల్లమల కొండలలో గుండ్ల బ్రహ్మేశ్వరం వద్ద పుట్టిన గుండ్లకమ్మ అడవి దాటి, అర్ధవీడు ప్రాంతపు పల్లెల మీదుగా దిగివచ్చి, కంభం దగ్గర చెరువై నిలుస్తుంది. రెండు కొండల నడిమి సందును 57 అడుగుల ఎత్తున మట్టితోను రాతితోను మూసి కట్టిన ఆ చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించినదని ఆ సీమలో ప్రతీతి. ఆ కట్ట బలం ఇనుము మీద ఆధారపడినది కాదు. మట్టి ఎన్నాళ్ళయినా మట్టిగానే ఉంటుంది, రాయికి తుప్పు పట్టదు. వందల ఏండ్లు గడచినా కట్ట నిలిచి ఉన్నదంటే అందుకు ఇదియు ఒక కారణమే.

అయితే చెరువు నీరు పొలాలకు. తాగే నీటికి ఆ సీమవారు చాలాకాలం బావుల మీదను, తరువాత గొట్టపు బావుల మీదను ఆధారపడినారు. చిక్కంతా ఆ నీటితోనే వచ్చింది. మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ అనే వ్యాధి ఉన్నదని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రజ్ఞులు 1937లో ప్రకటించారు. వారు పరీక్షించిన రోగులు నెల్లూరు జిల్లావారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. 1970లో ఈ తాలూకాలతో పాటు కర్నూలు జిల్లా నుండి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కూడ కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచారు. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే పిల్లల పళ్ళకు గార పడుతుంది. ఇంకా హెచ్చుగా ఉన్న నీటిని ఏండ్ల తరబడి తాగినవారికి ఎముకలు బిగిసి, నడుము వంగిపోతుంది. ఈ దోషం భూమిలోని రాతి నుండి వచ్చేది గనుక బావిని లోతు చేసినా తప్పించుకోవడం కష్టం. దూరాన పారే నది నీటిని తెచ్చుకోవడమే మేలైన దారి.

పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ పథకం ఆ దారిలోనిదే. శ్రీశైలం జలాశయపు వెనుకతట్టున కొల్లంవాగు నుండి కృష్ణ నీటిని కొండల కడుపులోగా తెచ్చుటకు ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వారు. మొదటిదాని తవ్వకం 2021లోను, రెండవదానిది 2024లోను ముగిసింది. ఆ నీటిని నిలుపుటకు ఉద్దేశించిన నల్లమలసాగరాన్ని మూడు కొండ సందులను మూసి ఏర్పరచారు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే ఆ మూడింటిలో కాకర్ల సందు అర్ధవీడు మండలంలోనిదే. కంభం చెరువు కట్టినవారి ఉపాయమే ఇంకా పెద్ద ఎత్తున మళ్ళీ కనిపిస్తుంది. తేడా ఎక్కడంటే, జలాశయం నుండి కాలువ పొలం దాకా పోగలదు గాని, ఊళ్ళోని బిందె దాకా పోవలసినది గొట్టం. వీధిలో పోయే సన్నని గొట్టానికి ప్లాస్టిక్ చాలును. పది ఊళ్ళకు నీరు మోసే పెద్ద గొట్టానికి, అందులోను ఒత్తిడి హెచ్చుగా ఉన్న చోట, ఇనుమో ఉక్కో తరచుగా కావలసి వస్తుంది. అది మట్టిలో పడుకొని ఉంటుంది. దాని ఒంటి మీద ఒక పూత ఉంటుంది. ఆ పూత ఎన్నాళ్ళుంటే గొట్టం అన్నాళ్ళుంటుంది. గొట్టం చెడినరోజున ఊరివారు మళ్ళీ పాత బోరు దగ్గరికే పోవాలి.

నాగలి కర్రును అటక మీద పెట్టేముందు ఆముదం రాయాలనే సంగతి రైతుకు చెప్పనక్కరలేదు. ఇనుము గనిలో రాయిగా, అనగా ప్రాణవాయువుతో కలిసిన పదార్థంగా దొరుకుతుంది. కొలిమిలో ఎంతో వేడి ఖర్చు చేసి దానిని లోహంగా విడదీస్తారు. తేమ, గాలి తగిలితే తిరిగి తన పూర్వపు స్థితికి పోవాలని చూస్తుంది. తుప్పు అనేది ఆ తిరుగు ప్రయాణమే. మట్టిలో ఈ పని విద్యుత్తు రూపాన నడుస్తుంది. గొట్టం మీద ఒక చోట ఇనుము కరుగుతూ ఉంటే దానికి ఎదురుగా మరొక చోట ప్రాణవాయువు ఖర్చవుతూ ఉంటుంది. మొదటి చోటుకు ఆనోడు అనియు, రెండవ చోటుకు కాథోడు అనియు పేరు. ఈ రెంటి నడుమ గొట్టం లోహం గుండా ఒక దిక్కుకు, తడిమట్టి గుండా మరొక దిక్కుకు విద్యుత్తు పారుతుంది.

పశ్చిమ ప్రకాశంలో ఎర్రనేలలు, నల్లనేలలు పక్కపక్కనే ఉంటాయి. ఒకే గొట్టం రెంటిలో నుండియు పోతే ఏమవుతుందో చూడండి. గుల్లగా ఉండే ఎర్రమట్టిలోనికి గాలి బాగా చొరబడుతుంది. జిగురుగా ఉండే నల్లరేగడిలోనికి అంతగా పోలేదు. గాలి అందని చోటే ఇనుము కరుగుతుంది. గాలి లేనిచోట తుప్పు ఉండదని అనుకొనేవారికి ఇది వింతగా తోచును గాని, సంగతి ఇంతే. ఎర్రనేలలోని భాగం కాథోడుగాను, నల్లనేలలోని భాగం ఆనోడుగాను మారి, మొత్తం గొట్టమంతా ఒక పెద్ద విద్యుద్ఘటం అవుతుంది. ఇక నల్లరేగడిలో ఉప్పులు కూడ ఉంటే విద్యుత్తుకు దారి మరింత సులువు. గాలి బొత్తిగా లేని మట్టిలో సల్ఫేటు లవణాల మీద బ్రతికే సూక్ష్మజీవులు సైతం ఇనుమును తినివేయునని 1934లో హాలెండు శాస్త్రజ్ఞులు చూపారు.

గొట్టాల చరిత్ర మొదటిలో పూత అనే మాట లేదు. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ వెర్సాయి ఉద్యానవనపు ఫౌంటెన్లకోసం 1664 ప్రాంతంలో పోత ఇనుప గొట్టాలు వేయించాడు. వాటిలో కొన్ని మూడు వందల ఏండ్లు మించి పనిచేశాయి. రహస్యమేమీ లేదు, గోడ మందం. పోత ఇనుము తుప్పు పట్టినా ఆ తుప్పు, లోహంలోని బొగ్గుపొడి కలిసి అక్కడే అంటిపెట్టుకొని ఉంటాయి. తినివేయడానికి కావలసినంత ఇనుము ఉన్నప్పుడు తుప్పుకు తొందర ఉండదు.

పూత అవసరమని మొదట తెలిసినది గొట్టం బయట కాదు, లోపల. 19వ శతాబ్దపు తొలిభాగంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పట్టణంలో కొత్త గొట్టాలు వేసిన కొద్ది సంవత్సరాలకే నీరు దాదాపు సగానికి తగ్గింది. విప్పి చూస్తే లోపలిగోడ నిండా తుప్పు బుడిపెలు. గొట్టం చిల్లిపడలేదు, పూడిపోయింది. అప్పటి ఇంజనీర్లు వెతికిన మందులలో ఒకటి సున్నం, మరొకటి తారు. మాంచెస్టరు రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1848 ప్రాంతంలో ఒక పద్ధతి చెప్పాడు. ఆమ్లవర్షం అనే మాటను తరువాత ప్రచారంలోనికి తెచ్చినవాడును ఈయనే. గొట్టాన్ని బాగా వేడిచేసి, వేడి బొగ్గుతారులో ముంచి తీయవలెను. ఆనాడు బొగ్గు నుండి దీపాలవాయువు తీసే కర్మాగారాలలో తారు వ్యర్థంగా మిగిలేది. పడవలకు కీలు పూయడం మన కోస్తావారికి ఎప్పటినుండియో ఉన్న అలవాటే. స్మిత్ కొత్తగా చెప్పినది వేడి సంగతి. చల్లని ఇనుము మీద పూసిన తారు పైపైన అంటుకొంటుంది. కాగిన ఇనుము మీద అది పలుచబడి సందులలోనికి దిగి పట్టుకొంటుంది. పూత ఎంత మందమనేదానికన్న ఎంతగా పట్టుకొన్నదనేదే ముఖ్యమని ఈ కిటుకులో దాగి ఉన్నది. అయితే ఆ తెలివి సాంతంగా బోధపడడానికి ఇంకా నూరేండ్లు పట్టింది.

ఈలోగా గొట్టం పలుచబడింది. అమెరికాలో 1865లో పెన్సిల్వేనియా నూనె బావుల నుండి శామ్యూల్ వాన్ సైకెల్ అనునతడు రెండు అంగుళాల గొట్టంతో అయిదు మైళ్ళ దూరం ముడినూనె పంపాడు. ఆ తరువాత దూరాలు పెరిగాయి, ఒత్తిడి పెరిగింది. పెళుసైన పోత ఇనుము పోయి, పలుచని ఉక్కు వచ్చింది. వెర్సాయి గొట్టానికి ఉన్న నిలువ ధనం ఈ కొత్త గొట్టానికి లేదు. పావు అంగుళం మందంలో చిల్లి పడితే అంతే.

ఆ సంగతి అందరికంటె బాగా అనుభవానికి వచ్చినది ఆస్ట్రేలియాలో. ఆ దేశపు పడమటిభాగంలో కూల్గార్డీ, కాల్గూర్లీ అనే చోట్ల బంగారం దొరికింది, నీరు దొరకలేదు. సి. వై. ఓ'కానర్ అనే ఇంజనీరు సముద్రతీరానికి దాపున ముండారింగ్ వద్ద ఆనకట్ట కట్టి, అక్కడి నుండి సుమారు 530 కిలోమీటర్ల దూరం 30 అంగుళాల ఉక్కు గొట్టం వేసి, ఎనిమిది పంపింగు స్టేషన్లతో నీటిని ఎడారిలోనికి ఎక్కించే పథకం వేశాడు. పత్రికలు ఎగతాళి చేశాయి, శాసనసభ్యులు నిందలు మోపారు. నీరు గమ్యం చేరకముందే, 1902 మార్చిలో ఆయన ప్రాణం తీసుకొన్నాడు. 1903 జనవరి 24న కాల్గూర్లీలో నీరు పారింది. లెక్కలో తప్పు లేదు. అరవైవేల గొట్టాలను బొగ్గుతారు, ఆస్ఫాల్టు కలిపిన ద్రవంలో ముంచి, సీసంతో అతుకులు మూసి, కందకాలలో పూడ్చారు.

కాని ఆ దారిలోని నేల ఉప్పునేల. పూత పెచ్చులు లేచిన చోటల్లా ఉప్పుతేమ ఉక్కును పట్టుకొంది. అతుకుల దగ్గర నీరు కారింది, కారిన నీరు మట్టిని మరింత తడిపింది, తడిసిన మట్టి మరింత తినివేసింది. ఏటేటా మరమ్మతులు పెరిగాయి. చివరకు 1930 తరువాత ఆ దేశపు ఇంజనీర్లు చాలా పొడవున గొట్టాన్ని మట్టిలో నుండి పైకెత్తి దిమ్మెల మీద పెట్టారు. సీసపు అతుకుల బదులు వెల్డింగు చేశారు. లోపల సిమెంటు పూశారు. బయటి పూత గెలవలేకపోయిన చోట మట్టినే తప్పించారన్నమాట. ఎండ, గాలి తగిలే గొట్టానికి తుప్పు పట్టినా అది కంటికి కనిపిస్తుంది, రంగు వేయవచ్చు. నేలలోని గొట్టానికి ఆ అదృష్టం లేదు. పూత పాడైనదని తెలిసే రోజున నీరు పైకి ఉబుకుతూ ఉంటుంది.

అదే కాలంలో పట్టణాలలో మరొక శత్రువు బయలుదేరింది. విద్యుత్తుతో నడిచే ట్రాం బండ్లు వచ్చాయి. మద్రాసులో అవి 1895లోనే నడిచాయి. పట్టాల నుండి జారిన విద్యుత్తు నేలలోని నీటి గొట్టాలను దారిగా చేసుకొని పోయి, విద్యుత్కేంద్రం దాపున గొట్టాన్ని వదలి మట్టిలోనికి దూకేది. దూకేచోట ఇనుమును కూడ వెంట తీసుకొనిపోతుంది. ఒక్క ఆంపియరు విద్యుత్తు సంవత్సరం పాటు ఇట్లా పోతే సుమారు 9 కిలోగ్రాముల ఇనుము మాయమవుతుంది. 1910లో అమెరికా ప్రభుత్వం ఈ బెడదను విచారించమని తన జాతీయ ప్రమాణాల సంస్థకు చెప్పింది. ఆ సంస్థవారు శోధించగా ట్రాం పట్టాలు లేని పల్లెలలో కూడ గొట్టాలు చెడుతున్నాయని తేలింది. అయితే తప్పు మట్టిలోనే ఉన్నదా? ఈ ప్రశ్నకు వారు వెతికిన జవాబు ఓర్పుకు ఉదాహరణగా చెప్పదగినది. 1922 మొదలుకొని దేశమంతటా రకరకాల నేలలలో గొట్టపు ముక్కలను పాతిపెట్టి, కొన్ని ఏండ్లకొకసారి కొన్నిటిని తవ్వితీసి తూచారు. చివరకు 128 చోట్ల, 333 రకాల, 36,500కు పైగా ముక్కలు ఆ పరీక్షలో పాల్గొన్నాయి. పూత ఉన్నవీ లేనివీ రెండును. మెల్విన్ రోమనాఫ్ ఆ ఫలితాలను 1957లో గ్రంథంగా ప్రకటించాడు. పూతను ప్రయోగశాలలో చూచి దాని ఆయుష్షు చెప్పలేమని, ఏ మట్టిలో అని అడగకుండా ఎన్నాళ్ళు అని అడగడం వ్యర్థమని ఆ గ్రంథం చదివినవారికి స్పష్టపడింది.

పూతలు వాడేవారికి మరొక చేదు అనుభవం కూడ కలిగింది. పూత లేని గొట్టంకంటె, అక్కడక్కడ సూదిబెజ్జాలు ఉన్న పూతగల గొట్టం కొన్ని చోట్ల ముందుగా చిల్లిపడేది. కారణం ఊహించవచ్చు. నల్లనేలా ఎర్రనేలా కలిసి ఏర్పరచే విద్యుద్ఘటం పెద్దది. పూత లేనప్పుడు ఆ నష్టం గొట్టపు ఒడలంతటా పంచబడుతుంది. ఆనోడు వైపు అంతా కప్పబడి ఒక్క బెజ్జం మిగిలితే భారమంతా ఆ బెజ్జం మీదనే పడుతుంది. బెజ్జం లేని పూత వేయడమో, మైళ్ళ పొడవున, మనుషుల చేతులతో, ఎవరివల్ల అవుతుంది? అందుచేత గొట్టం మీద విద్యుత్ కుంచెను నడపి, పూత పలుచనైన చోట నిప్పురవ్వ ఎగిరేటట్లు చేసి, బెజ్జాన్ని పట్టి మూసే పద్ధతి వచ్చింది. అది నేటికీ కందకం పక్కన టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. అయినా పూడ్చిన తరువాత రాయి గుచ్చుకొంటే దానికి ఆ యంత్రం ఏమీ చేయలేదు.

మిగిలిపోయే ఆ బెజ్జాలకు మందు అప్పటికి వందేండ్ల కిందటే దొరికి ఉన్నది. 1824లో ఇంగ్లాండు రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ యుద్ధనౌకల అడుగున ఉన్న రాగి రేకులకు జింకు, ఇనుము ముక్కలను తగిలించి రాగి కరగకుండా చేశాడు. జింకు తాను కరిగి రాగిని కాపాడింది. నౌకాధికారులు మాత్రం సంతోషించలేదు. కరగని రాగి మీద నత్తగుల్లలు, నాచు చేరి ఓడ వేగం తగ్గింది. ఆ ఉపాయం మూలబడింది. 1928లో అమెరికాలో న్యూ ఆర్లీన్స్ పట్టణపు రాబర్ట్ కూన్ దానిని నేలలోని గ్యాసు గొట్టాలకు తెచ్చాడు. గొట్టంలోనికి బయటి నుండి కొద్దిపాటి విద్యుత్తును పంపి, మొత్తం గొట్టాన్నే కాథోడుగా మార్చితే ఎక్కడా కరగదు. రాగి, మైలుతుత్తంతో చేసిన కొలత ఘటంతో పోల్చినప్పుడు గొట్టం 0.85 వోల్టుల మేర రుణంగా ఉంటే చాలునని ఆయన చెప్పిన కొలతనే నేటికీ వాడుతున్నారు.

ఇక్కడ పూతకూ విద్యుత్తుకూ పెండ్లి జరిగింది. పూత లేని ఉక్కును కాపాడాలంటే ఒక్కొక్క చదరపు మీటరుకు పది ఇరవై మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు కావాలి. వందల కిలోమీటర్లకు అది మోయలేని ఖర్చు. మంచి పూత ఉంటే అందులో వందోవంతు, ఒక్కొక్కప్పుడు వెయ్యోవంతు చాలును. పూత గొట్టాన్ని కప్పుతుంది, విద్యుత్తు పూతలోని బెజ్జాలను కాపలా కాస్తుంది. అయితే ఈ కాపురంలో కలహం లేకపోలేదు. విద్యుత్తు అందే బెజ్జం దగ్గర క్షారం పుడుతుంది. ఆ క్షారం బెజ్జపు అంచున పూతను ఉక్కు నుండి కొంచెం కొంచెంగా విడదీస్తుంది. కాపలావాడే తలుపు బద్దలు కొట్టినట్లు. అందుచేతనే ఈనాడు ఏ కొత్త పూతనయినా పరీక్షించేటప్పుడు దానికి కావలెనని చిల్లి పెట్టి, ఉప్పునీటిలో విద్యుత్తు పంపుతూ కొన్ని దినాలు ఉంచి, అంచు ఎంత మేర లేచిందో కొలుస్తారు. వారి చూపు చిల్లి మీద ఉండదు, చిల్లి చుట్టూ మిగిలిన పట్టు మీద ఉంటుంది.

20వ శతాబ్దంలో ఎక్కువకాలం రాజ్యమేలిన పూత బొగ్గుతారు ఎనామెల్. పేరు ఘనంగా ఉన్నా వస్తువు పాతదే. ఆంగస్ స్మిత్ తారును శుద్ధిచేసి, అందులో మెత్తని రాతిపిండి కలిపి, గాజునార చుట్టి, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం తెచ్చారు. రాతిపిండి కలిపేది తారు ఎండకు జారకుండా, చలికి పగలకుండా. అందుకు మెచ్చుకొన్న పిండ్లలో పలకరాతి పిండి ఒకటి. బడిపిల్లల పలకలకు పేరుపడిన మార్కాపురంవారికి పలకరాయి పొడి ఎంత మెత్తగా ఉండునో చెప్పనక్కరలేదు. ఈ ఎనామెల్ నీటిని బాగా ఆపుతుంది, సూక్ష్మజీవులకు లొంగదు. దోషాలు లేకపోలేదు. మే నెల ఎండలో గొట్టాలను ఒకదానిపై ఒకటి పేర్చితే అడుగువాటి పూత నలిగిపోయేది. కాచేటప్పుడు లేచే పొగ పనివారి ఊపిరితిత్తులకు, చర్మానికి హాని. కాన్సరు కలిగించే పదార్థాలు అందులో ఉన్నాయి. పూతల ఆయుష్షు లెక్కించిన గ్రంథాలలో పూత పూసినవారి ఆయుష్షు లెక్క చాలాకాలం కనిపించదు. తారు వెనుకబడడానికి ఈ పొగ కూడ ఒక పెద్ద కారణం.

1950 తరువాత ప్లాస్టిక్ నాడాలు వచ్చాయి. గాయానికి గుడ్డ చుట్టినట్లు యంత్రంతో గొట్టం చుట్టూ జిగురు నాడా చుట్టుకొంటూ పోవడమే. పొగ లేదు, మంట లేదు, పని త్వరగా ముగుస్తుంది. అందరూ ముచ్చటపడ్డారు. కొన్నేండ్లకు తవ్వి చూచినప్పుడు నాడాకూ ఉక్కుకూ నడుమ నీరు కనిపించింది. నాడా చిరగలేదు, ఊడిపోలేదు. వదులై అట్లే చుట్టుకొని ఉన్నది. అదే దాని దోషం. పాలిథీన్ విద్యుత్తును సాగనీయదు గనుక లోపలి నీటిలో నానుతున్న ఉక్కుకు రక్షణ విద్యుత్తు అందలేదు. పైన నిలిచి కొలిచేవారికి అంతా సవ్యంగా ఉన్నట్లే కనిపించేది. చిల్లిపడి చెడిన పూతకంటె చెడకుండా వదులైన పూత ఎక్కువ ప్రమాదకరమనేది గొట్టాల చరిత్రలో మిక్కిలి ఖరీదు చెల్లించి నేర్చుకొన్న పాఠం.

1960లో అమెరికాలో మొదటిసారిగా ఎపాక్సీ పొడిని వాడారు. గొట్టాన్ని ఇసుకో ఇనుప రవ్వో కొట్టి తెల్లగా శుభ్రంచేసి, సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడిచేసి, దాని మీద పొడి చల్లితే అది కరిగి, పారి, గట్టిపడి ఉక్కుతో ఏకమవుతుంది. మందం అర మిల్లీమీటరు కూడ ఉండదు. నాలుగు మిల్లీమీటర్ల తారు చేసిన పనిని ఇది చేయగలిగింది పట్టు వల్లనే. ఒకవేళ ఊడినా విద్యుత్తును కొంతవరకు లోపలికి పోనిస్తుంది గనుక నాడా వలె మోసం చేయదు. అయితే దెబ్బకు ఓర్వదు. గులకరాయి తగిలితే గీరుకుపోతుంది. అందుకని ఐరోపావారు 1980 ప్రాంతంలో దాని మీద ఒక జిగురు పొర, ఆ పైన మందమైన పాలిథీన్ పొర వేశారు. ఉక్కును పట్టుకొనుటకు ఎపాక్సీ, రాళ్ళ దెబ్బ ఓర్చుకొనుటకు పాలిథీన్, రెంటినీ కలుపుటకు జిగురు. మూడు పొరల పూత అని వ్యవహరించే ఇదే పెద్ద గొట్టాలకు నేడు మన దేశంలో కూడ విస్తారంగా వాడుకలో ఉన్నది.

మన దేశంలో ఈ విద్యకు ఒక ఇల్లు తొలినాళ్ళలోనే ఏర్పడింది. అళగప్ప చెట్టియారు ఇచ్చిన 300 ఎకరాల భూమి, 15 లక్షల రూపాయల విరాళంతో కారైకుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయానికి 1948లో పునాది పడింది. 1953లో పని ప్రారంభమయింది. తుప్పు దాని ముఖ్య విషయాలలో ఒకటి. నేలలో వేసే ఉక్కు గొట్టాలకు పూత వేసి నార చుట్టే పద్ధతికి 1982లో భారత ప్రమాణం వెలువడింది. తెలుగునేల మీద విశాఖపట్టణం నుండి విజయవాడ మీదుగా సికిందరాబాదుకు సుమారు 570 కిలోమీటర్ల పెట్రోలియం గొట్టం 1998లో పనిలోనికి వచ్చింది. 2009లో కాకినాడ తీరం నుండి గుజరాతులోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గ్యాసు గొట్టం, 48 అంగుళాల వ్యాసంతో, ప్రారంభమయింది.

ఇంత చెప్పిన తరువాత 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో జరిగినది చెప్పక తప్పదు. అక్కడి గ్యాసు గొట్టం పగిలి, ఊరి మీద కమ్మిన వాయువు అంటుకొని ఇరవై మందికి పైగా చనిపోయారు. నిదురలో ఉన్నవారు నిదురలోనే పోయారు. కొబ్బరితోటలు మాడిపోయాయి. విచారణలో తేలినది ఏమంటే, గొట్టాన్ని లోపలివైపు నుండి తుప్పు తినివేసింది. తేమ తీసిన వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో తడి వాయువు పోయింది. అందులోని నీరు గొట్టం అడుగున చేరి, బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమై, లోహాన్ని తొలిచింది. బయటి పూత ఎంత గట్టిదైనా, బయట ఎంత విద్యుత్తు పంపినా లోపలి తడికి అది అడ్డం కాలేదు. అంతకుముందే ఆ గొట్టంలో కారుళ్ళు కనిపించగా బిగింపు పట్టీలు వేశారు. కారిన చోటును మూయగలిగారు గాని కారించే నీరు గొట్టంలోనే మిగిలింది.

తాగునీటి గొట్టానికి లోపల నీరు ఉండక తప్పదు. అక్కడి మందు గ్రెనోబుల్ నాటి సున్నపు ఆలోచన నుండి పుట్టినదే. 1922లో అమెరికాలోని చార్లెస్టన్ పట్టణంలో పోత ఇనుప గొట్టాల లోపల సిమెంటు పూసి వేశారు. సిమెంటు నీటిని పూర్తిగా ఆపదు. దానిలోనికి ఇంకిన నీరు గాఢమైన క్షారంగా మారి ఉక్కును చేరుతుంది, క్షారంలో ఇనుము కరగదు. సన్నని చీలికలు వచ్చినా కొంతకాలానికి సున్నం పేరుకొని వాటంతట అవే పూడుకొంటాయి. తన గాయాన్ని తాను మాన్పుకొనే పూత ఇదొక్కటే అనవచ్చు. శ్రీకాళహస్తి దాపున రాచగున్నేరిలో తయారయ్యే సాగుడు ఇనుప గొట్టాలకు లోపల ఈ సిమెంటు, బయట జింకు, దాని మీద తారువంటి నల్లని పూత ఉంటాయి. డేవీ జింకు, స్మిత్ తారు, గ్రెనోబుల్ సున్నం ఒకే గొట్టంలో కలిశాయి.

మరి అర్ధవీడు చుట్టుపట్ల ఇట్టి గొట్టం ఎన్నాళ్ళుంటుంది? తయారీదారులు యాభై ఏండ్లని, ఇంకా హెచ్చని చెబుతారు. ప్రయోగశాలలో వేడినీటిలో కొన్ని వారాలు ఉంచి, ఆ ఫలితాన్ని దశాబ్దాలకు పెంచి చెప్పిన లెక్కలు అవి. ఆ లెక్క పూతకు మాత్రమే. కందకం సంగతి అందులో లేదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక శిలావర్గానికి కంభం పేరే పెట్టారు. పలకరాయి, బంకరాయి, గచ్చురాయి ఉన్న ఈ నేలను తవ్వితే కత్తుల వంటి పెళ్ళలు లేస్తాయి. తవ్వి తీసిన ఆ పెళ్ళలనే గొట్టం మీద తిరిగి నెడితే పూత ఆయుష్షు ఆ పూటతోనే సగం ముగుస్తుంది. మెత్తని ఇసుక పరపు వేసి, పైన కూడ ఇసుక కప్పి, తరువాత పూడ్చడం ఖర్చుతో కూడిన పని. నల్లరేగడి ఉన్న చోట వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి, ఏటా గొట్టాన్ని అటు ఇటు లాగుతుంది. మెత్తని పూతను మడతలు పడేటట్లు చేస్తుంది.

అన్నిటికన్న నాజూకైన చోటు అతుకు. కర్మాగారంలో యంత్రాలు వేసిన పూత గొట్టం మధ్యభాగానిది. రెండు గొట్టాలు వెల్డింగు చేసిన చోట పూత లేని జానెడు ఉక్కు మిగులుతుంది. దానిని అక్కడే, కందకం ఒడ్డున, నల్లమల గాలికి ఎగిరే దుమ్ములో, మధ్యాహ్నపు ఎండలో మనుషులు శుభ్రంచేసి, వేడిచేసి, పూత చుట్టాలి. పన్నెండు మీటర్లకొక అతుకు చొప్పున కిలోమీటరుకు ఎనభైకి పైగా వస్తాయి. నిప్పురవ్వ యంత్రంతో ఒక్కొక్కదానినీ చూచి, చూచిన తేదీ, చూచినవాని పేరు పుస్తకంలో రాసుకొంటారు. గొట్టం పూడ్చిన తరువాత ఆ అతుకును గురించి మిగిలే సాక్ష్యం ఆ పుస్తకమే.